మూడు మిల్లీగ్రాములు

పదకొండుకి పది నిమిషాలుండగా నీళ్ళు మరిగాయి. ఆవిరి గాజుగొట్టం దాటి పక్క ఫ్లాస్కులోకి దిగింది, అందులోని మడ్డి ఒకసారి కదిలి, బుడగ వేసి, మళ్ళీ సర్దుకుంది. ఆమె గోడ గడియారం చూసింది, తర్వాత బల్ల మీద బోర్లా పెట్టిన ఫోను చూసింది. ఈ పనికి గంట పడుతుంది. వదినకు జవాబు చెప్పడానికి ఉన్నదీ ఇంచుమించు అంతే. పన్నెండు దాటాక చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

పొద్దున టీ తాగుతూ చెప్పింది వదిన, మొహంలోకి చూడకుండా, కప్పులోకి చూస్తూ. "ఆయన పన్నెండింటికి రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్తాడు. పెళ్ళికి ఇద్దరి పేర్లూ రాయిస్తాడు. వద్దని నువ్వొక్క మాటంటే నేను ఫోన్ చేసి ఆపేస్తాను. మళ్ళీ ఈ ఇంట్లో ఆ ఊసు రాదు." ఆమె, "నన్నడుగుతావేంటి వదినా, నేనేమన్నా నీ అత్తగారినా?" అంది. "అత్తగారైతే అడిగేదాన్నే కాదే, చెప్పి వెళ్ళేదాన్ని" అంది వదిన. ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక కప్పులు రెండూ బల్ల మీదే ఉన్నాయి, ఎవరూ తియ్యలేదు. ఆమె చెప్పులు వేసుకుంటూ ల్యాబ్ నుంచి ఫోన్ చేస్తానంది. చేస్తానని మాత్రమే అంది, ఏం చెబుతుందో అనలేదు.

మొదటి చుక్క పడింది. పసుపుపచ్చ చుక్క, నీళ్ళతో కలిసి వచ్చింది, సీసా అడుగుకు చేరి విడిగా నిలిచింది. ఆర్థో నైట్రోఫినాలు వస్తోంది. రేపు రెండో సంవత్సరం పిల్లల ప్రాక్టికల్‌కి ఆర్థో ఒక సీసాలో, పారా ఒక సీసాలో ఉండాలి, ఇవాళ రెండూ కలిసి ఈ మడ్డిలో ఉన్నాయి. ఫినాలుకు ఒకే పేగు పంచుకు పుట్టిన బిడ్డల్లాంటివి ఇవి. అవే పరమాణువులు, అదే బరువు, ఒక నైట్రో గుంపు ఎక్కడ కూర్చుందన్నదే తేడా. ఆరుమూలల వలయంలో హైడ్రాక్సిల్ పక్కింట్లోనే కూర్చుంటే ఆర్థో, ఎదురు మూలకు పోయి కూర్చుంటే పారా. పక్కన, ఎదుట. అంతే తేడా. ఆవిరి తగిలితే ఆర్థో లేచి వచ్చేస్తుంది, పారా కదలదు. ఇరవై ఏళ్ళుగా ప్రతి ఏడూ ఈ పని ఆమే చేస్తోంది, చూస్తూ కూర్చోవడం తప్ప పనేమీ ఉండదు, అందుకే ఈ గంట అంటే ఆమెకు ఇష్టం. అంటే ఇష్టంగా ఉండేది.

అన్నయ్య అయితే చూస్తూ కూర్చునేవాడు కాదు, మాట్లాడుతూ కూర్చునేవాడు. అన్నం తినే బల్లే అతని బడి. వదిన ఆ ఇంటికి వచ్చిన కొత్తల్లో ఇద్దరూ ఒకే పరీక్షకు కట్టారు, ఆమె, వదిన, ఒకే పుస్తకం, ఒకే పెన్సిలు, మాస్టారు మాత్రం ఒకరికి అన్న, ఒకరికి మొగుడు. ఆమ్లాల పాఠం వచ్చినప్పుడు అన్నయ్య అడిగాడు, వీటిలో ఏది ఎక్కువ ఆమ్లం, ఎలా చెబుతారు, అని. హైడ్రోజన్ని ఏది తేలిగ్గా వదిలేస్తే అది, అంది ఆమె. అది సరే, ఏది తేలిగ్గా వదిలేస్తుందో ఎలా తెలుస్తుంది, అన్నాడు. ఇద్దరూ పోయే హైడ్రోజన్ని చూశారు. అతను పెన్సిలుతో ఇద్దరి పుస్తకాల మీదా కొట్టాడు. "పోయేదాన్ని చూడకండి. పోయేది అన్నిట్లోనూ ఒకటే. మిగిలిందాన్ని చూడండి. అది పోయాక మీద పడిన భారాన్ని మిగిలింది ఎలా మోస్తుందో చూడండి. మోయగలిగితే వదులుతుంది. మోయలేకపోతే పట్టుకు వేలాడుతుంది." ఆ మాట ఆమె తర్వాత ఇరవై తరగతులకు చెప్పింది. అన్నయ్య మాటని ఎప్పుడూ చెప్పలేదు, సొంత మాటలాగే చెప్పింది, చెప్పీ చెప్పీ సొంతమే అయిపోయింది. ఆ పరీక్షలో వదినకు రెండు మార్కులు ఎక్కువొచ్చాయి. ఆ రెండు మార్కులూ ఇప్పటికీ ఇంట్లో తిరుగుతుంటాయి, పప్పు మాడితే, తలుపు తాళం మరిచిపోతే, "రెండు మార్కులు తక్కువ కదే పాపం" అంటుంది వదిన.

ఆల్కహాలుకి ఒకటే ఆక్సిజన్. హైడ్రోజన్ పోతే ఆ భారం అంతా దాని నెత్తిమీదే. అందుకే వదలదు, పట్టికలో అంకె పదహారు. అంకె పెద్దదైతే ఆమ్లం తక్కువ. సిర్కాలో, అంటే వెనిగర్లో, ఉండే ఆమ్లానికి ఆక్సిజన్లు రెండు. హైడ్రోజన్ పోతే సగం ఒకటి, సగం ఒకటి. అంకె అయిదు లోపే. పుస్తకంలో దానికి రెండు బొమ్మలు వేస్తారు, ఒక బొమ్మలో భారం ఈ ఆక్సిజన్ మీద, ఇంకో బొమ్మలో ఆ ఆక్సిజన్ మీద, మధ్యలో రెండు వైపులా ములుకులున్న బాణం. అది చూసి వదిన, "ఓహో, వంతులేసుకుంటాయన్నమాట" అంది. "వంతులు కాదు" అన్నాడు అన్నయ్య. "ఒకేసారి, సగం సగం. బొమ్మ వెయ్యడం చేతకాక రెండు వేశారు." పదకొండేళ్ళ కిందట ఒక పొద్దున అదే బల్ల దగ్గర, పేపరు రెండో పేజీ తిప్పబోతూ, అతను తల వాల్చాడు. ముప్పై తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరైనా అడిగితే ఆమె రెండు ముక్కల్లో చెప్పగలదు, సగం సగం. అతని పేరున వచ్చే ఉత్తరాలు వదిన విప్పేది. అతని చొక్కాలు ఆమె మడిచి పెట్టింది. పొద్దున పేపరు రెండో పేజీ నుంచి వదిన చదివేది, మొదటి పేజీ ఆమె. ఒకరు ఏడుస్తుంటే ఇంకొకరు పొయ్యి దగ్గర ఉండేవారు. వంతులు వేసుకున్నది లేదు, అనుకున్నదీ లేదు. ఎవరూ బొమ్మ వెయ్యలేదు.

ఇప్పుడు ఆ సగం లేచి వెళ్తానంటోంది, నాలుగు గంటల దూరంలో ఉన్న ఊరికి. వెళ్తాననలేదు, పాపం, వెళ్ళనా అంది. రెండూ ఒకటే. వద్దంటే వెళ్ళదు, అది నిజం, వదిన మాటంటే మాటే, మళ్ళీ ఊసు రాదు, సాయంత్రం వచ్చి పొయ్యి ముందు నిలబడి ఏం వండనే అని అడుగుతుంది. వద్దు అన్న మాటలో రెండే అక్షరాలు. ఆమె నోట్లో అనుకుని చూసింది. ఎంత తేలిగ్గా ఉంది.

స్టోరు అక్క లోపలికి వచ్చింది, చేతిలో రెండు ఖాళీ సీసాలు, మీద చీటీలు అంటించి ఉన్నాయి. స్టోరులో పాతికేళ్ళుగా ఉన్న మనిషి, ఆమెకంటే ఆరేళ్ళు పెద్ద, గుమ్మం దగ్గరే మాట మొదలుపెట్టి బల్ల దగ్గరికి వచ్చేసరికి సగం పూర్తి చేస్తుంది. "అడిగిన సీసాలమ్మా. ఆర్థో, పారా. రాత నాది, తప్పులుంటే అచ్చుతప్పులనుకోండి." ఆమె తలెత్తి చూసింది. అక్క మొహంలో ఏమీ లేదు. అచ్చుతప్పు సంగతి అక్కదాకా ఎలా వచ్చిందో మరి, పిల్లలు చెప్పుకుంటే గోడలు వింటాయి.

పోయిన మంగళవారం జరిగింది అది. బోర్డు మీద నాలుగు రాసింది, వరసలో పెట్టమంది, పిల్లలు పెట్టలేకపోతే తనే పెట్టింది. అన్నిటికన్నా పైన ఆర్థో, దాని కింద పారా, దాని కింద ఫినాలు, అట్టడుగున ఆల్కహాలు. ఆర్థో ఎందుకు పైన అంటే, నైట్రో గుంపు పక్కనే ఉంది కాబట్టి భారాన్ని ఎక్కువ లాక్కుంటుంది, దగ్గరున్నవాళ్ళే కదా ఎక్కువ మోస్తారు, అంది. చివరి బెంచీ అమ్మాయి లేచింది. ఏడాదికి రెండుసార్లు మాట్లాడే పిల్ల. "మేడమ్, వెనక పట్టికలో తిరగేసి ఉంది. పారా ఏడు పాయింట్ ఒకటి అయిదు, ఆర్థో ఏడు పాయింట్ రెండు మూడు." ఆమె చాక్‌పీసు పట్టుకునే నిలబడి, "అచ్చుతప్పు అయి ఉంటుంది" అంది. అమ్మాయి కూర్చుంది. అచ్చుతప్పు కాదు. ఆ సంగతి ఆమెకు చాక్‌పీసు కింద పెట్టకముందే తెలుసు, ఇరవై ఏళ్ళుగా తెలుసు, ఈ గంట సేపూ కళ్ళముందు పడుతున్న ప్రతి చుక్కా అదే చెబుతోంది. ఆర్థోలో పక్కింటి నైట్రో చెయ్యి చాచి ఆ హైడ్రోజన్ని లోపల్లోపలే పట్టుకుంటుంది. దగ్గర కదా, అందుతుంది. పట్టుకున్నాక అదెలా వదులుతుంది? దగ్గరితనం మోస్తుంది, నిజమే, పట్టుకునీ ఉంటుంది. పారాలో నైట్రో ఎదురు మూలన ఉంది. భారం వలయమంతా తిరిగి దాని దాకా పోతుంది, అది అంత దూరాన్నుంచీ మోస్తుంది, కానీ చెయ్యి మాత్రం అందదు. అందుకే పారా ఓ వెంట్రుకవాసి ఎక్కువ. తేడా ఎంతని, ఒకటిలో పన్నెండో వంతు కూడా లేదు. అయినా వరస వరసే. ఇది తెలిసీ ఆ రోజు అలా ఎందుకు రాసిందో ఆమెకు అప్పుడు అర్థం కాలేదు. అంతకు ముందు శనివారమే వదిన మొదటిసారి ఆయన సంగతి ఎత్తింది.

"ఆవిరి చూస్తూ కూర్చుంటే కడుపు నిండదమ్మా, టీ తేనా?" అంది అక్క.

"వద్దక్కా."

వద్దు. ఎంత తేలిగ్గా వచ్చింది.

అక్క వెళ్తూ వెళ్తూ త్రాసు గది తలుపు దగ్గర ఆగి, గాజు మీది చీటీ చూసి, ఎప్పుడూ అనే మాటే అంది. "ఈ త్రాసు మా తమ్ముడి చేతి గడియారం లాంటిదమ్మా. పది నిమిషాలు ముందుంటుంది, వాడు పది తీసేసుకుంటాడు, అయినా ఆలస్యంగానే వస్తాడు."

ఆ చీటీ ఆమే రాసి అంటించింది. చూపిన బరువులో 3 మి.గ్రా. తీసివేయాలి. ఖాళీ పళ్ళెం మీదే మూడు చూపిస్తుంది, బొత్తం నొక్కితే సున్నాకు వచ్చి, ఊపిరి తీసేలోపు మళ్ళీ మూడుకే పోతుంది. నూట ఇరవై మంది పిల్లలు ఏడాదిన్నరగా మూడేసి తీసేసి రాస్తున్నారు. బాగుచేయించవచ్చు. బాగుచేసే మనిషి ఉన్నాడు, ఏడాదికోసారి వచ్చేవాడు, చేతిలో తోలుపెట్టె, అందులో మఖ్మల్ గుంటల్లో ఇత్తడి తూనికరాళ్ళు, వాటిని వేళ్ళతో ముట్టుకోడు, పటకారుతో తీస్తాడు. పిల్లలు త్రాసాయన అంటారు. రెండున్నరేళ్ళ కిందట ఆయన లోపల పని చేసుకుంటుండగా, ఆమె మరిచిపోయి వచ్చిన కళ్ళజోడు ఇవ్వడానికి వదిన వచ్చింది. త్రాసు గదిలోకి తొంగిచూసి ఏదో అడిగింది. ఆయన తల తిప్పకుండా, "కాస్త మెల్లగా ఊపిరి వదలండి, ఈ గదిలో అదీ బరువేనండి" అన్నాడు. వదిన నవ్వింది. బయట బ్యూరెట్టు పట్టుకుని ఉన్న ఆమె ఆ నవ్వు విని చుక్కల లెక్క తప్పింది. ఎనిమిదేళ్ళయింది ఆ నవ్వు విని. కప్పు మీద మూత జారినట్టుండే నవ్వు, అన్నయ్య ఉన్నప్పుడు బల్ల దగ్గర వినిపించేది, దానికి ఆమె ఎంత మొహం వాచిపోయి ఉందో అప్పుడే తెలిసింది. తెలిసిన మరుక్షణం లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడింది, ఆలస్యమవుతోంది వదినా, అంది. ఎవరికి ఆలస్యమవుతోందో చెప్పలేదు. ఆ సాయంత్రం వదిన అరచేతిలో ఉప్పు వేసుకుని, "ఇది ఎన్ని మిల్లీగ్రాములుంటుందంటావే?" అని అడిగింది. ఆమె ఉప్పుడబ్బాకి మూత పెట్టేసింది.

తర్వాతి ఏడు ఆయన కార్డు రాశాడు, ఈ నెలలో రావచ్చా అని. ఆ రోజు త్రాసు మూడు చూపిస్తోంది. త్రాసు సరిగానే ఉంది, ఈ ఏడు అవసరం లేదు, అని ఆమె రాసి పంపింది. ఆ తర్వాత చీటీ రాసి అంటించింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. ఆయన త్రాసులు ఈ ఊళ్ళో ఇదొక్కటేనా, వదిన పనిచేసే సిర్కా ఫ్యాక్టరీ పరీక్ష గదిలోనూ ఒకటుంది, అక్కడికి ఏడాదికి రెండుసార్లు వస్తాడు. ఆమె ఒక తలుపు మూసింది, ఆయన ఇంకో తలుపు గుండా వచ్చాడు, వచ్చి తన పని తను చేసుకుపోయాడు. అబద్ధం వల్ల ఆగింది ఏదీ లేదు. త్రాసు ఒక్కటే చెడి కూర్చుంది.

ఆర్థో ఎవరు, పారా ఎవరు? ఇంట్లోనే చెయ్యి దొరికింది కాబట్టి ఆర్థో పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోదు, నీళ్ళతో కలవదు, అందుకే ఆవిరి తగలగానే లేచిపోతుంది. పారా చుట్టూ ఉన్న నీళ్ళతో చేతులు కలిపి అక్కడే ఉండిపోతుంది. ఇన్నేళ్ళలో తను ఎవరితో చెయ్యి కలిపింది, ఒక్క స్నేహితురాలి పేరు చెప్పమంటే వదిన పేరే చెబుతుంది, అందుకని తనే ఆర్థో. కానీ లేచిపోతున్నది వదిన, అందుకని వదినే ఆర్థో. రెండు రకాలుగానూ వేసి చూసింది, రెండు రకాలుగానూ సగం సరిపోయింది, సగం సరిపోలేదు. అణువులకు వదినలుండరు.

చుక్క ఆగిపోయింది.

ఆమె లేచింది. చల్లని గొట్టం లోపల పసుపు సూదులు గుత్తులుగా కట్టుకుని దారి మూసేశాయి. ఆవిరి వెనక్కి తన్నుతోంది, ఫ్లాస్కు బిరడా వణుకుతోంది. పిల్లలకు వందసార్లు చెప్పింది, ఆర్థో మరీ చల్లబడితే గొట్టంలోనే గడ్డకడుతుంది, నీళ్ళు కాసేపు ఆపండి, అని. ఆమె మంట తగ్గించి కుళాయి కట్టేసింది. గొట్టం వెచ్చబడింది, సూదులు అంచుల దగ్గర తడిసి, కరిగి, ఒక్కటొక్కటిగా జారి, గుత్తి మొత్తం ఒకేసారి సీసాలో పడింది. అరనిమిషం ఆగి కుళాయి మళ్ళీ కొంచెంగా విప్పింది. ఈసారి చుక్కలు తెల్లగా పడ్డాయి. ఆర్థో అయిపోయింది. గడియారం పదకొండూ ముప్పై ఎనిమిది చూపింది.

చెయ్యి ఖాళీగా ఉంచుకోలేక బోర్డు దగ్గరికి వెళ్ళింది. మంగళవారం రాసిన వరస ఒక మూల ఇంకా ఉంది, చుట్టూ గీత గీసి చెరపవద్దు అని తనే రాసింది. ఆర్థోని వేలితో చెరిపింది, పారాని చెరిపింది, స్థానాలు మార్చి రాసింది. పక్కన, చివరి బెంచీకి కనిపించేంత పెద్దగా, అచ్చుతప్పు కాదు, నా తప్పు, అని రాసింది. రాయడానికి పావు నిమిషం పట్టింది. ఇందుకా ఆరు రోజులు తిండి సహించలేదు. వేలికంటిన సుద్ద తుడుచుకుంటూ త్రాసు గది గాజు మీది చీటీ చూసింది. తప్పని తెలుసు, ఎంత తప్పో కూడా తెలుసు, రోజూ అంత తీసేసుకుని లెక్క సరిపెట్టుకుంటోంది. అన్నయ్య మిగిలిందాన్ని చూడమన్నాడు. పదకొండేళ్ళుగా ఆమె తనను తనే చూసుకుంటూ వచ్చింది, మిగిలింది తనొక్కతే అయినట్టు. వదిన కూడా మిగిలిందే. ఆ సంగతి అన్నయ్య బతికున్నట్టయితే పెన్సిలుతో కొట్టి చెప్పేవాడు.

ఫోను తిప్పింది. ఒక్క రింగుకే ఎత్తింది వదిన, వెనకాల సీసాలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు.

"చెప్పవే."

"వదినా, మా త్రాసు తప్పు చూపిస్తోంది."

సీసాల చప్పుడు దూరమైంది. వదిన గదిలోంచి బయటికి నడిచినట్టుంది.

"ఎంత?"

"మూడు మిల్లీగ్రాములు. ఎక్కువ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాదిన్నర."

"చీటీ చూశాన్లే. వర్షంలో నీకు గొడుగు తెచ్చిన రోజు."

"చూసీ అడగలేదేం?"

"నువ్వు చెప్తావని."

"ఆయన్ని ఒకసారి రమ్మను. ఇవాళ కాదు. ఇవాళ పన్నెండింటికి ఆఫీసులో పనుంది కదా. అది చూసుకుని, తర్వాత తీరిక చూసుకుని రమ్మను."

అవతల ఊపిరి వినపడింది, మెల్లగా వదులుతున్న ఊపిరి.

"ఏమే, ఏడుస్తున్నావా?"

"ఆవిరి."

"ఆవిరికి ముక్కుదిబ్బడ వదలాలి గానీ పట్టదే. రెండు మార్కులు ఊరికే తగ్గాయా నీకు."

"కప్పులు అలాగే వదిలేసి వచ్చాను వదినా పొద్దున."

"నాది కడిగేశాను. నీది నీకే ఉంచాను" అంది వదిన. "సాయంత్రం ఏం వండనే?"

"నేను వండుతాలే."

ఫోను పెట్టేశాక ఇంకా పదమూడు నిమిషాలున్నాయి. ఎక్కడో ఒక ఆఫీసులో ఒక మనిషి బెంచీ మీద కూర్చుని ఉంటాడు, తోలుపెట్టె ఒళ్ళో పెట్టుకుని. ఆమె బర్నరు ఆర్పింది. ఫ్లాస్కులో పారా మిగిలి ఉంది, నల్లటి నీళ్ళలో, కనపడకుండా. వేడి మీదే వడకట్టాలి, తర్వాత కదపకుండా చల్లారనివ్వాలి, అప్పుడు గానీ స్ఫటికాలు కట్టవు. తొందరపడి ఐసు పెడితే పొడిలా రాలుతుంది. వడకట్టి బీకరు కిటికీ పక్కన పెట్టింది, మీద గాజుబిళ్ళ మూసింది. సాయంత్రం ఇంటికి వెళ్తే ఆ కప్పు ఉంటుంది, టీ మరక అడుగున ఎండిపోయి. ఆ నవ్వు ఇక నాలుగు గంటల దూరంలో, వేరే బల్ల దగ్గర వినిపిస్తుంది, ఎవరో ఒకరు వింటారు. పేపరు రెండో పేజీ కూడా ఇక తనే చదువుకోవాలి.

స్ఫటికాలు వేసే ముందు ఖాళీ సీసా తూచి ఉంచుకోవాలి. ఆమె త్రాసు గది తలుపు తీసి, గాజు మీది చీటీని గోటితో లేపింది. ఒకే ముక్కగా రాలేదు, నలుచదరంగా జిగురు మిగిలింది. పారా అని రాసిన సీసాను పళ్ళెం మీద పెట్టి, గాజు తలుపు మూసి, ఊపిరి బిగబట్టి, అంకె నిలిచేదాకా చూసింది. ఇరవై ఆరు గ్రాముల నాలుగు వందల పదిహేడు మిల్లీగ్రాములు. పుస్తకంలో అంతే రాసింది, ఏమీ తీసెయ్యలేదు. ఎదురుగా రాసింది: త్రాసు బాగయ్యాక మళ్ళీ తూచాలి.